పళ్ళూడిన పొత్తు

మొన్న వడ్డాది జంక్షన్‌లో ఓ కుర్రాడు బండి మీద మొక్కజొన్న పొత్తులు కాలుస్తున్నాడు. చేతిలో విసనకర్ర లేదు. బొగ్గుల పక్కన చిన్న ఫ్యాను, దానికో బ్యాటరీ. ఫ్యాను విసురుతుంటే వాడు ఫోను చూసుకుంటున్నాడు. "ఎంత నాయినా?" అన్నాను. "ముప్పై." "ఎప్పుడు కోసిన పొత్తురా ఇది?" అని అడిగాను. వాడు నన్ను చెప్పుల నుంచి తలపాగా దాకా ఓసారి చూసి, "మార్కెట్ నుంచి వచ్చింది తాతా" అన్నాడు.

అడిగినదేమిటి, చెప్పినదేమిటి! కోసినది ఎప్పుడంటే వచ్చినది ఎక్కడి నుంచో చెప్తాడు. తప్పు వాడిది కాదులెండి. ఆ పొత్తు ఏ మొక్కకి కాసిందో, ఎన్నాళ్ళు గోనెలో మగ్గిందో వాడికి చెప్పినవాడెవడు? నిమ్మచెక్క రుద్ది, కారం ఉప్పు అద్ది చేతిలో పెట్టాడు. కొరికాను. నిమ్మకాయ బాగుంది.

మా రోజుల్లో పొత్తు ముందు కోసి తరవాత నిప్పు చేసుకోవడం అనేది లేదు. పిడకలు రాజేసి, పొగ పోయి, ఎర్రటి నిప్పు తేలాకే మా అమ్మ "ఎల్లరా, ఇప్పుడు ఇరుసుకుని రా" అనేది. పెరట్లోకి పరిగెత్తి, పొత్తు పట్టుకుని కిందికి వంచి మెలి తిప్పితే టక్కుమని వచ్చేది. పొయ్యి దగ్గరికి వచ్చేలోపే డొప్పలు ఒలిచేసేవాళ్ళం. చెట్టు నుంచి నిప్పులోకి ఇరవై అడుగులు. ఉప్పూ లేదు, కారమూ లేదు, నిమ్మకాయ మాట ఎవరూ ఎత్తలేదు. అక్కర్లేదు కనక.

అదేదో మా అమ్మ చాదస్తం అనుకునేవాణ్ణి. మా మనవరాలు శ్రీకాకుళం దగ్గర నైర వ్యవసాయ కళాశాలలో చదువుతోంది. అది చెప్పింది: పొత్తు కోసిన క్షణం నుంచి గింజలోని తీపి పిండిగా మారడం మొదలవుతుందట, ఎండలో అయితే మరీ తొందరగా. కోసి ఒక రోజు గడిచిందంటే తినేది తీపి కాదు, పిండి. అంటే మా అమ్మ బడికి వెళ్ళకుండానే ఆ పాఠం చెప్పిందన్నమాట. "అదేటమ్మా, ఆ మాట పుస్తకంలో మీ ముత్తవ్వ పేరు ఎయ్యలేదా?" అని అడిగితే నవ్వింది.

మాది బుచ్చయ్యపేట మండలం. 2022 ఏప్రిల్ నుంచి అనకాపల్లి జిల్లా అంటున్నారు గానీ నా చెయ్యి ఇప్పటికీ విశాఖపట్నం జిల్లా అనే రాస్తుంది. నీరందే పల్లంలో వరి, చెరకు. బెల్లం వండి అనకాపల్లి మార్కెట్టుకి తోలేవాళ్ళం. గరువు భూముల్లో చోడి, గంటి, నువ్వు. మొక్కజొన్నని పంట అని మా నాన్న ఏనాడూ అనలేదు. శిస్తు లెక్కలో లేదు, అప్పు లెక్కలో లేదు. అది పెరటి సరుకు. బీర, ఆనప, గోంగూర, వాటితోపాటు ఓ ముప్పయ్యో నలభయ్యో మొక్కజొన్న మొక్కలు. మగవాళ్ళకి దాంతో పనిలేదు. అది ఆడవాళ్ళ సేద్యం.

విత్తనం దుకాణంలో ఉండేది కాదు, పొయ్యి మీద ఉండేది. కిందటేడు కాసిన వాటిలో నిండైన పొత్తులు నాలుగైదు ఏరి, డొప్పలు వెనక్కి మడిచి, వాటినే జడలా అల్లి వంటింటి దూలానికి వేలాడగట్టేవారు. రోజూ రెండు పూటలా కింద నుంచి పొగ. తొమ్మిది నెలలు పొగ తిని ఆ పొత్తులు పొయ్యిరాయిలా నల్లబడేవి. పురుగు దగ్గరికి వచ్చేది కాదు. మృగశిర కార్తె వచ్చి, ముంగిళ్ళు చల్లబడి, నేల ఓసారి బాగా తడిశాక మా అమ్మ పీట వేసుకుని వాటిని దింపేది. పొత్తు మొదట్లో గింజలు, కొసలో గింజలు పక్కకి తీసేసి, నడుమ గింజలే ఒలిచి ఒళ్ళో పోసుకునేది. ఎందుకమ్మా అంటే "నడుమయ్యే సమంగా ఉంటయి" అనేది. స్నానాల నీళ్ళు పారే చోట, పెంటకుప్ప పక్కన, ఆ మూల ఉన్న కాస్త చోటులోనే గుంపుగా గుచ్చేసేది. సాలూ లేదు, వరసా లేదు. ఈ గుంపు సంగతి గుర్తుపెట్టుకోండి, తరవాత నా పరువు తీసినది ఇదే.

నాలుగైదు రోజులకి చుట్ట చుట్టిన ఆకు మొలక పైకి వస్తుంది. అప్పుడే కాకులతో పేచీ. మొలక లాగేసి, అడుగున మెత్తబడ్డ గింజ తినేసి, మొలకని అక్కడే పడేసి పోతాయి. మోకాలెత్తు వచ్చేసరికి ఒకసారి మట్టి ఎగదోసి, పేడ ఎరువు వేసేవారు. మొదలు దగ్గర నేలకి పైన, కణుపు చుట్టూ ఊడల్లాంటి వేర్లు దిగి కోడికాళ్ళలా నేలని పట్టుకునేవి. ఆ కాళ్ళు దిగాక ఈదురుగాలికి కూడా భయం లేదు. తరవాత తల మీద జల్లు విచ్చుకునేది. రెండు మూడు రోజులకి నడుమన ఆకు చంకలోంచి లేత పొత్తి, దాని మూతికి పట్టుదారంలాంటి పీచు. ఆ పీచు తీసి మీసాలు పెట్టుకోవాలని మాకు ప్రాణం కొట్టుకునేది. మా అమ్మ మాత్రం "పీచు ముట్టారంటే చేతులు ఇరగ్గొడతాను, గింజ పట్టదు" అనేది. పీచు ఎండి నల్లబడ్డాకే మీసాలు.

ఆ పొత్తు మాకు కాలక్షేపం తిండి కాదు. ఇది చెప్పకుండా మా రోజుల గొప్పలు చెప్పుకుంటే కళ్ళు పోతాయి. ఆషాఢం, శ్రావణం అంటే గాదెలో పాత గింజ అడుగంటిపోయే నెలలు. కొత్త చోడి ఇంకా చేతికి రాదు. అంబలి పలచబడేది. ఆ రోజుల్లో పెరట్లో పాలు పోసుకున్న పొత్తు అంటే పూట గడవడం. మేం నలుగురం పిల్లలం. ఒక్కొక్కరికి ఒక్కో పొత్తు అన్న మాట మా ఇంట్లో లేదు. కాల్చిన పొత్తు మా అమ్మ చేతిలోనే ఉండేది. వరసలు లెక్కపెట్టి పంచేది. పన్నెండు వరసల పొత్తయితే మనిషికి మూడు వరసలు, గొడవ లేదు. పదహారయితే నాలుగేసి, పండగే. పద్నాలుగు వచ్చిందంటే మాత్రం రెండు వరసలు మిగిలేవి, వాటి కోసం యుద్ధం. కాసేపు మా అరుపులు విని, ఆ రెండు వరసలూ మా అమ్మ తన నోట్లో వేసుకునేది. మొక్కజొన్న పొత్తుకి వరసలు ఎప్పుడూ సరిసంఖ్యే. పదమూడు, పదిహేను వరసల పొత్తు నా డెబ్భైనాలుగేళ్ళలో నా కంటబడలేదు. మనవరాలూ అదే చెప్పింది, పొత్తి కట్టేటప్పుడే ఒక్కో వరస రెండుగా చీలుతుందట. పద్నాలుగు వరసల పొత్తులు ఎన్ని వచ్చేవో, మా అమ్మ ఆకలి ఆ లెక్కన తీరేదో లేదో, అప్పుడు ఎవరం లెక్కపెట్టలేదు.

ముదిరిన పొత్తుల్ని ఎండబెట్టి, ఒక వరస బొటనవేలితో ఊడదీసి దారి చేసుకుంటే మిగతావి జలజలా రాలేవి. తిరగట్లో విసిరి రవ్వ, జావ. కొన్నింటిని మంగలంలో ఇసుక వేసి వేయించేవాళ్ళు. పేలినవి పేలేవి, పేలనివి పంటితో పటపటలాడించేవాళ్ళం. ఇప్పుడు సినిమా హాల్లో డబ్బాడు పేలాలకి ఎంత తీసుకుంటున్నారో నేను చెప్పను, బీపీ మాత్ర వేసుకుని వచ్చి రాయాలి.

ఇక ఇప్పటి సంగతి. మా పెరటి గోడకి అవతల పొలం ఒకప్పుడు చెరకుతోట. డబ్బులు చేతికి అందడం ఆలస్యమైపోతోందని మా వైపు చాలామంది చెరకు తగ్గించుకున్నారు. ఆ రైతు కూడా మానేసి మొక్కజొన్న వేస్తున్నాడు. నాకు అల్లుడు వరస. ఎకరానికి 8 కిలోల విత్తనం, అదీ మందు పట్టించి గులాబీరంగులో మెరుస్తూ, చేత్తో ముట్టుకుంటే సబ్బు పెట్టి కడుక్కోవాలి. సాలుకీ సాలుకీ 60 సెంటీమీటర్లు, మొక్కకీ మొక్కకీ 20. ఆ లెక్కన ఎకరాకి 33 వేల పైచిలుకు మొక్కలు, అన్నీ తలపాగా చుట్టిన పోలీసుల్లా ఒకే ఎత్తు. విత్తేటప్పుడోసారి, మోకాలెత్తులో ఓసారి, పూత ముందు ఓసారి ఎరువు. బాగుంది. కాదనను. నేను ఓ రోజు గోడ మీంచి తొంగి చూసి, "ఒరే, రెండు లేత పొత్తులు ఇరిచి ఇయ్యరా, కాల్చుకుంటాను" అన్నాను. వాడు ఖంగారుపడి, "వద్దు మావా, అది తినేది కాదు" అన్నాడు.

ఆ మాట నాకు మూడు రోజులు నిద్ర పట్టనివ్వలేదు. 33 వేల మొక్కలు, తినేది కాదట! మరి ఎవరికిరా అంటే కోళ్ళకి. కోళ్ళ దాణా, గంజిపొడి ఫ్యాక్టరీలు, ఈమధ్య కొత్తగా పెట్రోల్లో కలిపే ఇథనాల్. మన మొక్కజొన్న కోడి తింటుంది, స్కూటర్ తాగుతుంది. మనం మాత్రం విశాఖ బీచ్ రోడ్డుకి వెళ్ళి, కప్పులో స్పూను వేసిచ్చిన పచ్చటి గింజలు నలభై రూపాయలకి తిని వస్తాం. పండించినవాడు కూడా అక్కడే తింటాడు. పొరుగింటి పుల్లకూర అంటే ఇదే.

అయితే వాడి పక్క నుంచి కూడా చూడాలిగా. మద్దతు ధర 2025-26కి క్వింటాలుకి 2,400 రూపాయలు. అది చేతికి దక్కుతుందా లేదా అన్నది వేరే కథ. వాడి ఎకరంలో రాలే గింజ మా అమ్మ పెరట్లో వందేళ్ళు విత్తినా రాదు. వాడి ఇద్దరు పిల్లలూ కాలేజీ ఫీజులు కట్టుకుంటున్నారు, మేం వరసలు లెక్కపెట్టుకున్నాం. నాకు తెలుసు. తెలిసినా గొణుగుతాను, ఈ వయసులో అదొక్కటే ఉచితం.

నాకు నచ్చనిది విత్తనం. వాడు ఏటా కొనాల్సిందే. "నీ చేలోదే నాలుగు పొత్తులు దాచుకోరాదా?" అంటే "పనికిరాదు మావా, మరుసటేడు మొక్కలన్నీ తలో తీరు వస్తాయి" అన్నాడు. నిజమేనని మనవరాలు కూడా అంది. రెండు వేరువేరు వంశాల్ని కలిపి చేసిన సంకరం కాబట్టి మొదటి కాపులోనే ఆ బలం, దాని పిల్లల్లో చెదిరిపోతుందట. మన దేశంలో తొలి సంకర మొక్కజొన్నలు 1961లోనే వచ్చాయట, గంగ, రంజిత్, దక్కన్ అన్న పేర్లతో. నేను అప్పటికి చెడ్డీలేసుకుని వరసల కోసం కొట్టుకుంటున్నాను. ఎవరూ మా ఇంటికి వచ్చి చెప్పలేదు.

సరే, నాకు పౌరుషం వచ్చింది. మా అమ్మ పొత్తు మళ్ళీ పండించాలి.

మొదటి ఏడు చేసిన పని చెప్పుకోడానికి సిగ్గు. మార్కెట్లో దొరికిన స్వీట్ కార్న్ పొత్తుల్లో ముదురువి రెండు తెచ్చి, డొప్పలు మడిచి, వంటింట్లో కట్టాను. పొయ్యి లేదుగా, గ్యాస్ స్టవ్ మీద చిమ్నీ పక్కన. కోడలు, "మావయ్యా, ఇదేంటి, దిష్టికా?" అంది. రెండు నెలలకి చూస్తే గింజలన్నీ నా చెంపల్లా ముడతలు పడి ఎండుద్రాక్షలైపోయాయి. అందులో తీపి పిండిగా మారదట, అదే దాని గొప్ప, అందుకే ఎండితే లోపల గట్టిసరుకు ఉండదు. విత్తితే పదింటికి రెండు మొలిచాయి. అవి కూడా కాకి తినేసింది. మనవరాలు ఓదార్పుగా, "హైదరాబాద్ వాళ్ళు చేసిన మాధురి అని తీపి రకం ఉంది తాతా, అది సంకరం కాదు, విత్తనం దాచుకోవచ్చు, తెస్తాను" అంది. తీపి నాకెందుకమ్మా, నాకు మా అమ్మ పొత్తు కావాలి.

రెండో ఏడు పాడేరు సంతకి పోయాను. మాడుగుల మీదుగా ఘాట్ ఎక్కాలి, నడుం పట్టేసింది. సంతలో ఓ కొండ ముసలామె ఆకుకూరల పక్కన ఎండు పొత్తులు పెట్టుకుని కూర్చుంది. పొట్టివి, తెల్లటి గింజ, పొగ మసి. ముక్కు దగ్గర పెట్టుకుంటే మా వంటిల్లు వాసన. నాలుగు పొత్తులు కొన్నాను. బేరం ఆడలేదు. డెబ్భై ఏళ్ళు దాటాక సంతలో బేరం ఆడకపోవడం అదే మొదటిసారి.

తెచ్చి, పద్ధతిగా, అందంగా, ప్రహరీ గోడ వెంట ఒకే వరసలో తాడు పట్టి ఇరవై మొక్కలు వేశాను. వచ్చినవాళ్ళంతా మెచ్చుకున్నారు. మొక్కలు ఆరడుగులు లేచాయి. జల్లు వచ్చింది, పీచు వచ్చింది. పొత్తులు లావుగా కనిపించాయి. డొప్ప ఒలిస్తే ఏముంది, ఇక్కడో గింజ, అక్కడో గింజ, నడుమంతా ఖాళీ. పళ్ళూడిన నోరు. అద్దంలో చూసుకున్నట్టే ఉంది.

విత్తనం దొంగదని ఆ ముసలామెని నాలుగు తిట్టాను. సెలవులకి వచ్చిన మనవరాలు ఆ పొత్తు చేతిలోకి తీసుకుని, "ఇది విత్తనం తప్పు కాదు తాతా, నీ తాడు తప్పు" అంది. తాతకి దగ్గులు నేర్పడం అంటే ఇదే అనుకుంటూనే విన్నాను. పీచులో ఉన్న ఒక్కో దారం కింద ఒక్కో గింజకి అతుక్కుని ఉంటుందట. ఎన్ని గింజలో అన్ని దారాలు. పైన జల్లులోంచి రాలిన పుప్పొడి రేణువు ఒకటి ఆ దారం కొస మీద పడాలి, అక్కడి నుంచి దారం లోపలే కిందికి దిగి గింజని చేరాలి. ఏ దారం మీద పడలేదో ఆ గింజ లేదు. తేనెటీగలు మోసుకొచ్చేది కాదు, గాలి పని. ఒకే వరసలో వేస్తే గాలి పుప్పొడినంతా గోడ అవతలికి ఎత్తుకుపోతుంది. గుంపుగా వేస్తే ఎటు వీచినా ఎవరో ఒకరి నెత్తిన రాలుతుంది.

స్నానాల నీళ్ళ పక్కన మూల మీద మా అమ్మ గుంపుగా ఎందుకు గుచ్చేదో, పీచు ముట్టుకుంటే చేతులు విరగ్గొడతానని ఎందుకనేదో అప్పటికి అర్థమైంది. అరవై అయిదేళ్ళు పట్టింది.

అదే ఊపులో ఆ గుంట ఇంకో బాంబు పేల్చింది. మొక్కజొన్న అసలు మనది కాదట. మెక్సికోలో తొమ్మిది వేల ఏళ్ళ కిందట టియోసింటే అనే గడ్డి నుంచి తీశారట. కొలంబస్ 1492లో అటు వెళ్ళాకే ఈ గింజ సముద్రం దాటింది. "అంటే నువ్వు నాటు నాటు అంటున్నది కూడా ఓడ దిగిందే తాతా." సరేలే, మిరపకాయా అంతే, టమాటా అంతే. వచ్చి మా పొయ్యి పొగ తిన్నాక మాదే.

ఈ ఏడు మూలగా, గుంపుగా, అరవై మొక్కలు. మృగశిరలోనే పెట్టాను. నెల తిరక్కుండా సుడిలో రంపపు పొట్టులాంటి రెట్ట కనిపించింది. కత్తెర పురుగు. మా రోజుల్లో ఇది లేదు, ఇది నిఖార్సైన మాట. 2018లో కర్ణాటకలో కనిపించింది, ఆ ఏడే మన దగ్గరికి దిగింది, ఇదీ ఆ దేశాలదే. తల మీద తిరగేసిన ఇంగ్లీషు వై అక్షరం, తోక దగ్గర నలుచదరంగా నాలుగు చుక్కలు. కళ్ళజోడు పెట్టుకుని వెతికి మరీ చూశాను, పచ్చబొట్టు పొడిపించుకున్నట్టే ఉంది. గోడ అవతలివాడు మందు కొట్టాడు. నేను బూడిద, సన్నటి ఇసుక కలిపి సుడిలో చిటికెడు చిటికెడు వేశాను. మా అమ్మ కాండం తొలిచే పురుగుకి అలాగే చేసేది. చూస్తే ఇసుకలో కాస్త సున్నం కలిపి వెయ్యమని ఇప్పుడు పుస్తకాల్లో కూడా ఉందట. ఆ రోజు భోజనం రెండు ముద్దలు ఎక్కువ తిన్నాను.

ఆ తరవాత చిలకలు. ఒకప్పుడు మంచె మీద కూర్చుని వడిసెల తిప్పేవాళ్ళం. ఇప్పుడు చేను చుట్టూ పాత చీరలు కడుతున్నారు పందులు రాకుండా. పెరట్లో నేను డాల్డా డబ్బా వాయిస్తూ కూర్చున్నాను. చిలకలు వినలేదు, పక్కింటివాళ్ళు విన్నారు.

వినాయక చవితికి పాలవెల్లికి కట్టే పొత్తులు కొనలేదు. నా పెరటివి నాలుగు. మిగతావాటిలో రెండు నిప్పుల మీద వేశాం. కొరికితే పాలు చిమ్మాయి. మాట రాలేదు. మనవరాలు వరసలు లెక్కపెట్టింది, పన్నెండు, అన్నీ నిండుగా. అక్కడక్కడా గింజ పచ్చగా కనిపిస్తే నా కంటి శుక్లం అనుకున్నాను.

దసరాకి ఎండు పొత్తులు ఒలిచాం. శుక్లం కాదు. తెల్లటి పొత్తులో నాలుగైదు గింజలకి ఒకటి చొప్పున పసుపుపచ్చగా, మెరుస్తూ. గోడ అవతలి చేను పుప్పొడి ఎగిరొచ్చి మా పీచు మీద పడిందట. పసుపు రంగు ఆ గింజలోనే అప్పటికప్పుడే బయటపడిపోతుందట. విత్తనం కోసం వేసేవాళ్ళు చుట్టూ కనీసం 200 మీటర్లు ఖాళీ వదులుతారు తాతా అంది. నా పెరడంతా కొలిచినా ఇరవై మీటర్లు లేదు. "తెల్లగా మిగిలినవి మాత్రం మనవే, వాటినే దాచు. వచ్చే ఏడు వాళ్ళు వేసిన నెల తరవాత వేద్దాం, పూతలు కలవవు."

అరుగు మీద చాప వేసుకుని కూర్చున్నాను. ఒక్కో పొత్తూ ఒళ్ళో పెట్టుకుని, బొటనవేలితో పసుపు గింజలు ఒక్కటొక్కటే ఊడదీశాను. పొద్దు వాలేదాకా పట్టింది. గోరు కింద నెత్తురు కమిలింది. తెల్లవి డబ్బాలో బూడిద పోసి మూత బిగించాను. పచ్చవి గుప్పెడు తీసి వాకిట్లో చల్లాను. మా ఇంటి నాటుకోళ్ళు రెండూ పరిగెత్తుకొచ్చాయి. పొరపాటున వాటిలో రెండు తెల్లగింజలు పడ్డాయి. వంగి ఏరుకునేలోపే మింగేశాయి.